కాన్పు తర్వాత కాలి మీద నరాలు తేలాయి, లేజర్ ఇప్పుడే చేయించుకోవాలా?

రెండోకాన్పు_నాగోల్ (మార్చి 4, రాత్రి 11:40)

పాప మళ్ళీ లేచేలోపు రాసేయాలి, తప్పులుంటే సర్దుకోండి.

డిసెంబర్ మొదటి వారంలో నాకు రెండో పాప పుట్టింది, నార్మల్ డెలివరీ. ఏడో నెల నుంచే ఎడమ మోకాలి వెనక నీలంగా మెలికలు తిరిగి నరాలు కనబడసాగాయి. మొదటి కాన్పప్పుడు సన్నటి ఎర్ర గీతలు వచ్చి పోయాయి, అంతే. ఈసారి పిక్క మీద వానపాములు పాకినట్టుంది. పొద్దున లేచేసరికి కాలు మామూలుగానే ఉంటుంది. సాయంత్రానికి బరువెక్కి లాగుతుంది. రాత్రిళ్ళు పిక్క పట్టేస్తుంది.

పక్కింటాయన "నరాల సమస్య కదా, నరాల డాక్టర్‌కి చూపించు" అంటే వెళ్ళాను. గంటన్నర కూర్చున్నాక ఆయన కాలు చూసి, "అమ్మా, నేను మెదడూ నరాల డాక్టర్ని, ఇవి రక్తనాళాలు" అని పంపేశారు. ఫీజు మాత్రం పోయింది. తర్వాత వెళ్ళిన క్లినిక్‌లో స్కాన్ కూడా తీయకుండానే "లేజర్ చేయాల్సిందే, ఈ వారంలో అయితే డిస్కౌంట్" అన్నారు. చీరల షాపులో డిస్కౌంట్ విన్నాను గానీ కాలికి డిస్కౌంటేంటి? అక్కడే అనుమానం వచ్చి లేచొచ్చేశాను.

ఇంట్లో అమ్మ గోల వేరు. ఐదో నెలలో అత్తారింటికి పంపేదాకా ఆమె లెక్కలో నేను పచ్చి బాలింతనే. "అటూ ఇటూ తిరగబట్టే నరాలు తేలాయి, మంచం దిగకు" అంటుంది. నేను టీచర్ని. జూన్‌లో సెలవు అయిపోతుంది, రోజుకి ఆరు పీరియడ్లు నిలబడి చెప్పాలి. పాలు కూడా ఇస్తున్నాను. ఇవి వాటంతటవే తగ్గుతాయా? లేజర్ ఇప్పుడే చేయించుకోవాలా? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

కూకట్‌పల్లి_కోడలు (మార్చి 5, ఉదయం 6:15)

ముందు ఆ లేజర్ మాట పక్కన పెట్టండి. మీకింకా మూడు నెలలే. నాకు మొదటి బాబప్పుడు రెండు కాళ్ళకీ వచ్చాయి. గైనిక్ మేడమ్ "ఏడాది చూద్దాం, అప్పటికీ ఉంటే ఆలోచిద్దాం" అన్నారు. ఎనిమిదో నెలకల్లా కుడి కాలు పూర్తిగా సర్దుకుంది. ఎడమ కాలికి ఒక్కటి మిగిలింది, దాంతో పెద్ద ఇబ్బంది లేదు.

స్కాన్‌గది_నర్సు (మార్చి 5, మధ్యాహ్నం 2:05)

పదకొండేళ్ళుగా స్కానింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను. రోజూ చూసేదాన్ని బట్టి చెబుతున్నాను.

నరాల డాక్టర్ దగ్గరకి వెళ్ళింది మీరొక్కరే కాదండి. మన తెలుగులో నరం అంటే రెండూనూ. చెయ్యి తిమ్మిరెక్కినా నరమే, సెలైన్ ఎక్కించేదీ నరానికే. ఇక్కడ ఉబ్బినవి సిరలు, అంటే కాళ్ళ నుంచి గుండెకి రక్తం వెనక్కి తీసుకెళ్ళే గొట్టాలు. ఇలా ఉబ్బితే వేరికోస్ వెయిన్స్ అంటారు. వీటికి చూపించాల్సింది రక్తనాళాల డాక్టర్‌కి, అంటే వాస్కులర్ సర్జన్‌కి. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. మీకు నాగోల్ నుంచి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే సరిపోతుంది.

ఈ సిరల లోపల చిన్న చిన్న కవాటాలుంటాయి, ఒకవైపే తెరుచుకునే తలుపుల్లాగా. రక్తం పైకెక్కాక మూసుకుని కిందికి జారకుండా ఆపుతాయి. గర్భంలో ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ సిరల గోడల్ని వదులు చేస్తుంది. దాని మీద పెరిగే గర్భసంచి పొత్తికడుపులోని పెద్ద సిరల్ని నొక్కుతుంది. సిర సాగితే తలుపు రెక్కలు ఒకదానికొకటి అందవు, రక్తం కిందికి జారి నిలిచిపోతుంది. కాన్పయ్యాక బరువు దిగుతుంది, హార్మోన్ తగ్గుతుంది, సిరలు మళ్ళీ కుంచించుకుంటాయి. దానికి మూడు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. అందుకే తొందరపడొద్దనేది. తగ్గిపోయే సిరని లేజర్‌తో కాల్చుకోవడం దేనికి?

ఒకవేళ ఏడాది తర్వాతా ఉంటే రక్తం ఎటు పోతోందో చూపించే డాప్లర్ స్కాన్ చేయిస్తారు. ఎక్కడైనా మిమ్మల్ని పడుకోబెట్టి మాత్రమే డాప్లర్ తీసి కవాటాలు పోయాయని చెబితే ఇంకోచోట చూపించుకోండి. నిలబెట్టి తీయాలి. పడుకుంటే రక్తం కిందికి జారదు కదా, లీకు ఎలా తెలుస్తుంది? మా దగ్గర చిన్న స్టూలెక్కించి, చల్లటి జెల్ రాసి, పిక్కని ఒక్కసారి పిండి వదిలేస్తారు. పిండినప్పుడు రక్తం పైకి పోతున్న రంగు తెర మీద కనబడుతుంది. వదలగానే ఆగిపోవాలి. ఆగకుండా అర సెకను మించి వెనక్కి వస్తే ఆ పైసిర (చర్మానికి దగ్గరగా ఉండేది) లీకవుతున్నట్టు.

సహజమార్గం_77 (మార్చి 5, రాత్రి 9:30)

ఇన్ని స్కాన్లు అక్కర్లేదు. ఆవనూనె వేడి చేసి, పిక్క మీద ఉబ్బిన చోట బొటనవేలితో గట్టిగా పైకి తోయండి. 21 రోజుల్లో పోతాయి. కావాలంటే మా దగ్గర తైలం ఉంది, మెసేజ్ చేయండి.

ఫిజియో_తార్నాక (మార్చి 5, రాత్రి 10:10)

పైన చెప్పింది దయచేసి చేయకండి. నూనె రాసుకుని మెల్లగా నిమిరితే హాయిగానే ఉంటుంది, నేనూ కాదనను. కానీ ఉబ్బిన సిర మీద బొటనవేలు పెట్టి తోస్తే చెడిన కవాటం బాగుపడదు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే మాత్రం ప్రమాదం.

మీ అమ్మగారి మీద కోపం తెచ్చుకోకండి గానీ, మంచం దిగకు అన్న మాట ఒక్కటి వినకండి. కాళ్ళలో రక్తాన్ని పైకి తోసే పంపు పిక్క కండరమే. అడుగు వేసినప్పుడల్లా అది బిగుసుకుని లోపలి సిరల్ని పిండుతుంది. మంచంలో ఉంటే ఆ పంపు ఆగిపోయినట్టే. కేబీఆర్ పార్కులో చుట్లు కొట్టక్కర్లేదు, ఇంటి ముందు సందులో పాపని ఎత్తుకుని పది నిమిషాలు, రోజుకి మూడుసార్లు నడిచినా చాలు.

పాలిచ్చేటప్పుడు ఎలా కూర్చుంటున్నారు? చాలామంది మంచం అంచున కాళ్ళు వేలాడేసి ముప్పావుగంట కదలకుండా కూర్చుంటారు. కాళ్ళ కింద ఒక పీట వేసుకోండి. ఆ సేపట్లో పాదాన్ని పైకీ కిందికీ ఆడించండి, కుట్టుమిషన్ తొక్కినట్టు. రాత్రిపూట పక్కకి తిరిగి పడుకుని పాలిస్తే ఇంకా మంచిది. సాయంత్రం కాలు బరువెక్కినప్పుడు పడుకుని, కాళ్ళు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్ల మీద పెట్టి పావుగంట ఉండండి.

ఇంకోటి. బాలింత పథ్యమని ఆకుకూరలు, పండ్లు మాన్పించి కారప్పొడి, వెల్లుల్లి అన్నంతో సరిపెడతారు. మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తారు. దాంతో మలబద్ధకం. రోజూ ముక్కుతుంటే ఆ ఒత్తిడి కాళ్ళ సిరల దాకా పోతుంది, మొలలు అదనం. నడుముకి గుడ్డ కట్టినా ఊపిరాడనంత బిగించొద్దు.

తొమ్మిదో_అంతస్తు (మార్చి 6, ఉదయం 1:20)

అన్నీ ఆగి చూడొచ్చు అనుకోకండి. అందుకే ఈ టైమ్‌లో రాస్తున్నాను.

మా ఆవిడకి ఆపరేషన్ కాన్పు. నాలుగో వారంలో ఎడమ కాలు పిక్క నుంచి తొడ దాకా వాచింది. మా ఇంట్లో అందరూ "బాలింత నీరు, దిగిపోతుంది" అన్నారు. నీళ్ళు పోయడానికొచ్చే ఆమె ఆ కాలునే ఎక్కువ సేపు రుద్దింది, మేమే చెప్పి రుద్దించాం. రెండోరోజు నేను ఊరికే చెయ్యేసి చూస్తే ఒక కాలు వెచ్చగా, ఒకటి మామూలుగా ఉంది. రెండు పిక్కలకీ దర్జీ టేపు పెట్టి కొలిచాను. నాలుగు సెంటీమీటర్ల తేడా. అప్పుడు భయం వేసి తీసుకెళ్తే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందన్నారు. అదే రోజు నుంచి ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు మూడు నెలల పైన. పాలు ఆపక్కర్లేని మందులే ఇచ్చారు.

డాక్టర్ అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "ఆ రుద్దుడికి గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయుంటే మీరు నా దగ్గరికి వచ్చేవారు కాదు."

స్కాన్‌గది_నర్సు (మార్చి 6, ఉదయం 8:00)

అన్నా, మీరు టేపు పెట్టి కొలిచారు చూడండి, అదే కాపాడింది.

చదివే వాళ్ళందరికీ: కాన్పు తర్వాత ఆరు వారాలు గడ్డకట్టే ముప్పు అన్నిటికంటే ఎక్కువ. ఆపరేషన్ అయితే ఇంకొంచెం ఎక్కువ. ఎడమ కాలికే తరచుగా రావడానికి కారణం ఉంది. పొత్తికడుపులో కుడి కాలికి పోయే ధమని ఎడమ కాలి సిర మీదుగా దాటుతుంది, గర్భంలో ఆ నొక్కుడు పెరుగుతుంది. ఒక్క కాలే వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం పడితే 108కి చేయండి, ఎవరినీ సలహా అడుగుతూ కూర్చోకండి. పైన కనబడే సిరే తాడులా గట్టిపడి, ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పి పెడుతున్నా స్కాన్ అవసరమే. గడ్డ లోపలి సిర వైపు పాకుతోందేమో చూడాలి.

ఒకసారి గడ్డకట్టిన వాళ్ళు పిల్లలు కలగకుండా వేసుకునే మాత్రలు అడిగేటప్పుడు ఆ సంగతి డాక్టర్‌కి తప్పక చెప్పాలి. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలు వాళ్ళకి పడవు.

రెండోకాన్పు_నాగోల్ (మార్చి 6, మధ్యాహ్నం 3:45)

చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. నేనూ వెంటనే టేపు పెట్టి కొలిచాను. ఒక సెంటీమీటర్ కూడా తేడా లేదు, వేడి లేదు. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. తొమ్మిదో అంతస్తు అన్న రాసింది అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. సాయంత్రం తనే "పద, గేటు దాకా నడిచొద్దాం" అంది!

ఈ నరాలకి కాళ్ళకి బిగుతుగా వేసుకునే మేజోళ్ళ సంగతి చెప్పండి. నాకు నార్మల్ అయినా ఆసుపత్రిలో తెల్లటివి ఒక జత ఇచ్చారు. అవి పనికొస్తాయా?

పేరు_చెప్పను (మార్చి 6, సాయంత్రం 5:30)

నాకు కాళ్ళ మీద కాదు, చెప్పుకోలేని చోట ఇలాగే ఉబ్బాయి. ఎనిమిదో నెల. మా ఆయనకి కూడా చెప్పలేదు. కాన్పులో పగిలిపోతాయేమోనని టెన్షన్.

కూకట్‌పల్లి_కోడలు (మార్చి 6, సాయంత్రం 5:50)

చెల్లీ, నాకూ ఉండేవి. మీ గైనిక్‌కి తప్పకుండా చూపించండి, వాళ్ళు ఎన్నో చూసుంటారు. నాకు వాటితోనే నార్మల్ అయింది, వాటివల్ల ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కాన్పయిన కొన్ని వారాలకే పోయాయి. ఆ తర్వాత కూడా నిలబడితే పొత్తికడుపులో బరువు, నొప్పి నెలల తరబడి ఉంటే మాత్రం మళ్ళీ చెప్పాలి.

అమీర్‌పేట_అత్త (మార్చి 7, ఉదయం 10:15)

మేజోళ్ళ గురించి నేను చెబుతాను, ఆరేళ్ళుగా వేసుకుంటున్నా.

ఆ తెల్లవి మంచంలో ఉండే రోగులకి గడ్డకట్టకుండా ఇచ్చేవమ్మా, పట్టు తక్కువ. తిరిగే మనిషికి చాలవు. మనక్కావలసినవి క్లాస్ వన్, క్లాస్ టూ అని వస్తాయి. క్లాస్ టూ అంటే చీలమండ దగ్గర 23 నుంచి 32 మిల్లీమీటర్ల (బీపీ కొలిచే లెక్కే) ఒత్తిడి, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. నీకేది అన్నది డాక్టర్ రాయాలి. షుగర్ ఉన్నవాళ్ళు, పొగతాగేవాళ్ళు, నడిస్తే పిక్క పట్టేసేవాళ్ళు ముందు కాలి నాడి (పల్స్) చూపించుకోకుండా వేసుకోకూడదు.

వేసుకోవడం ఒక విద్య. పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, దిగి నాలుగు అడుగులేస్తే రక్తం దిగిపోతుంది. మడమ దాకా లోపలిది బయటికి తిప్పి, పాదం దూర్చి, మడమ సరిగ్గా కూర్చున్నాక పైకి లాగు. గోళ్ళతో లాగితే దారం తెగుతుంది. అంట్లు తోముకునే రబ్బరు గ్లౌజులు తొడుక్కుని అరచేత్తో పైకి నిమిరితే ఎంత బాగా వస్తుందో! వేళ్ళ దగ్గర తెరిచి ఉన్న రకమైతే ముందు పాదానికి క్యారీబ్యాగు తొడుక్కుని, జారించి, వేళ్ళ వైపు నుంచి ఆ కవర్ లాగేయొచ్చు. పైన మడత పడకూడదు. మడత పడితే తాడు కట్టినట్టే. రాత్రి తీసేసి చల్లనీళ్ళలో చేత్తో ఉతుకు, పిండకు, నీడలో ఆరెయ్యి. ఆరు నెలలకి పట్టు పోతుంది, కొత్తవి కొనాల్సిందే.

ఇంక మే నెలలో? నరకమే. అబద్ధం చెప్పను. నేను మోకాలి కిందవే వేసుకుని, మధ్యాహ్నం వాటిని విప్పకుండానే పైన తడిగుడ్డ వేసుకుంటాను. మరీ భరించలేని రోజు తీసి పారేస్తాను. ఒక రోజుకి ఏమీ కాదులే.

చీరలకొట్టు_చెల్లి (మార్చి 8, రాత్రి 10:45)

మీరందరూ కాళ్ళు పైకి పెట్టుకోండి అంటున్నారు. నేను జనరల్ బజార్‌లో చీరల షాపులో చేస్తా. పొద్దున పదిన్నర నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే. గిరాకీ లేకున్నా కూర్చోవద్దు, ఓనర్ కెమెరాలో చూస్తడు. పాపకి ఏడాదిన్నర. కాళ్ళు మస్తు గుంజుతయి. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో చేసేవాళ్ళకి కూర్చునే హక్కు ఇచ్చిన్రట. మాకెప్పుడో?

ఫిజియో_తార్నాక (మార్చి 8, రాత్రి 11:05)

చెల్లీ, కదలకుండా నిలబడటమే అసలు శత్రువు. చీర చూపిస్తూనే మడమలు ఎత్తి దించండి, కౌంటర్ వెనక ఎవరికీ కనబడదు. అరగంటకోసారి ఇరవై. స్టాక్ తేవడానికి గోడౌన్‌కి మీరే వెళ్ళండి, మెట్లెక్కడం మీకు మందు. మీకు ఏడాది దాటింది కాబట్టి డాప్లర్ చేయించుకోండి.

రెండోకాన్పు_నాగోల్ (జులై 19, మధ్యాహ్నం 1:10)

చాలా రోజులైంది. క్లాస్ టూ మేజోళ్ళు, నడక, పీట, అన్నీ చేశాను. స్కూల్లో మా హెడ్ మేడమ్‌ని అడిగి ఎత్తు స్టూల్ ఒకటి తెప్పించుకున్నాను. వానపాముల్లో ఒకటే మిగిలింది, అదీ సన్నబడింది.

కానీ నేను రాయాలనుకుంది వేరే. మొన్న చెకప్‌కి అమ్మ తోడొచ్చింది. నన్ను చూడటం అయ్యాక డాక్టర్ గారు అమ్మ పాదాల వైపు చూసి "మీరొకసారి చీర కొంచెం పైకి పట్టుకోండమ్మా" అన్నారు. చీలమండ పైన చర్మం నల్లగా, బెరడులా గట్టిపడి ఉంది. గోకిన గాట్లు. నేను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, దురదకి కొబ్బరినూనె రాసుకునేది, తామర అనుకున్నాం. మేము ముగ్గురం పిల్లలం. "నువ్వు పుట్టినప్పుడు వచ్చాయి, బాలింత నరాలని ఎవరూ పట్టించుకోలేదు" అంది మెల్లగా. ముప్పై రెండేళ్ళు.

డాప్లర్‌లో గజ్జ నుంచి మోకాలి దాకా పెద్దసిర లీకు. ఇలాగే వదిలేస్తే పుండు పడుతుందన్నారు. నాకు ఆగమన్న డాక్టరే అమ్మకి లేజర్ రాశారు. ఆమెకేమో ఒకటే భయం: "సిర మూసేస్తే రక్తం ఎటు పోతుందే?"

స్కాన్‌గది_నర్సు (జులై 19, సాయంత్రం 6:30)

అమ్మగారికి చెప్పండి, కాలి రక్తంలో చాలా భాగం, 90 శాతం దాకా, లోపలి సిరల్లోనే పోతుంది. పైన లీకయ్యేది మూసేస్తే లోపలి వాటి మీద భారం తగ్గుతుంది.

స్కాన్ చూస్తూ మోకాలి దగ్గర సన్నటి సూది రంధ్రం నుంచి తీగ పంపుతారు. సిర చుట్టూ మత్తుమందు కలిపిన ఉప్పునీళ్ళు ఎక్కిస్తారు, ఆ సూదులే కాస్త చురుక్కుమంటాయి. తర్వాత తీగని మెల్లగా వెనక్కి లాగుతూ సిరని లోపల్నుంచి వేడితో మూసేస్తారు. లేజర్ బదులు రేడియో తరంగాలతో 120 డిగ్రీల వేడి ఇచ్చే పద్ధతీ ఉంది, ఫలితం ఇంచుమించు ఒకటే. గమ్ముతో అంటించేదీ ఉంది. మెలికలు తిరిగిన చిన్నవాటికి నురగ మందు ఇంజెక్షన్, పాలిచ్చే తల్లులకి మాత్రం దాన్ని సాధారణంగా వాయిదా వేస్తారు. అదే రోజు నడిపించి ఇంటికి పంపిస్తారు.

ఇన్సూరెన్స్ కాగితాలు ముందే చూడండి. చాలా పాలసీల్లో వేరికోస్‌కి రెండేళ్ళ వెయిటింగ్ ఉంటుంది. డాప్లర్ రిపోర్టు, మేజోళ్ళు వాడిన చీటీ దాచిపెట్టుకోండి, అడుగుతారు. అందం కోసం సన్నగీతలు తీయించుకుంటే మాత్రం ఇవ్వరు.

కూకట్‌పల్లి_కోడలు (జులై 19, రాత్రి 9:00)

మళ్ళీ కనాలనుకునే వాళ్ళకి ఒక మాట. ప్రతి కాన్పుకీ ఇవి పెరిగే అవకాశముంది. నేను రెండోదానికి నాలుగో నెల నుంచే మేజోళ్ళు వేసుకున్నా, వాపు, బరువు బాగా తగ్గాయి. గర్భంతో ఉండగా ఈ సిరలకి లేజర్లూ నురగ ఇంజెక్షన్లూ చేయరు.

రెండోకాన్పు_నాగోల్ (అక్టోబర్ 11, ఉదయం 7:20)

అమ్మకి ఆగస్టులో అయింది. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాం. తొడ లోపలివైపు రెండు వారాలు నల్లగా కమిలి, తాడు లాగినట్టుందని గొణిగింది. ఇప్పుడు దురద లేదు. నలుపు పోలేదు, అది చాలావరకు అలాగే ఉండొచ్చన్నారు. సాయంత్రం సందు చివరి దాకా తనే నడుస్తుంది, పాపని చంకనేసుకుని. ఇంట్లో రబ్బరు గ్లౌజులు ఒకటే జత, పొద్దున్నే వాటి కోసం ఇద్దరికీ గొడవ.

కొత్తమ్మ_మల్కాజిగిరి (అక్టోబర్ 12, రాత్రి 8:15)

ఇప్పుడే అంతా చదివాను. నాకు నలభై రోజులు. మెడికల్ షాపులో కొలవకుండానే "మీడియం తీసుకోండి, అందరికీ సరిపోతుంది" అని మేజోళ్ళు ఇచ్చేశారు. వేసుకోనా?

అమీర్‌పేట_అత్త (అక్టోబర్ 12, రాత్రి 8:40)

ప్యాకెట్ విప్పకు తల్లీ. రేపు పొద్దున మంచం దిగకముందే చీలమండ పైన సన్నగా ఉన్న చోట, పిక్క లావుగా ఉన్న చోట టేపు పెట్టి కొలిచి, ఆ రెండు అంకెలూ పెట్టె వెనక పట్టీలో చూడు. సరిపోకపోతే మార్చుకో. రెండు కాళ్ళూ కొలువు, తేడా కనబడితే మేజోడు మాట మర్చిపోయి ఆసుపత్రికి వెళ్ళు.